పెట్టెలాయన సర్దడం మరిచిన సామాను

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో పోస్టు తెచ్చే మనిషికి తప్ప ఇంకెవరికీ పనిలేదు. అందరికీ ఆయన పెట్టెలాయనే. ఇరవై నాలుగేళ్ళుగా ఆయన చేసే పని ఒక్కటే. వేరే దేశానికి తరలిపోయే కుటుంబాల ఇళ్ళకు వెళ్ళడం, వాళ్ళ సంసారాన్ని గరిటెతో సహా అట్టపెట్టెల్లో సర్దడం, టేపు వేసి, నంబరు రాసి, ఓడకు సాగనంపడం. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలు అంటుంటారు గానీ పాపం ఆయన తప్పేమీ లేదు. ఉన్న మాటలన్నీ పెట్టెల మీద రాయడానికే సరిపోయాయి. ‘గాజు’, ‘మెల్లగా’, ‘ఈ వైపు పైకి’. రోజుకు నలభై సార్లు ఇవే రాసే మనిషి ఇంటికొచ్చి కొత్తగా ఏం కబుర్లు చెబుతాడు?

పనిలో మాత్రం ఆయనతో పోటీపడేవాడు లేడు. పళ్ళేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టెలో పెట్టడం చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది. పళ్ళెం నిలబడే ప్రయాణం చెయ్యాలంటాడు. మూత వేశాక ప్రతి పెట్టెనూ రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల చప్పుడైతే అది ‘మాట్లాడే పెట్టె’. మాట్లాడే పెట్టెను ఆయన ఏనాడూ గుమ్మం దాటనివ్వలేదు. అవతల లారీ డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయినా సరే, విప్పి మళ్ళీ మొదటి నుంచి కట్టాల్సిందే. అలా ఆయన కట్టిన పెట్టెలు సముద్రాలన్నీ చుట్టొచ్చాయి. ఆయన మాత్రం రేవు గేటు దగ్గరే చెయ్యి ఊపి వెనక్కి తిరిగేవాడు.

ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే నిలబడి, అట్టముక్క మీద కాగితం పెట్టుకుని రెండే ప్రశ్నలు అడుగుతాడు. మొదటిది, “ఇంట్లో ఎంతమంది?” తలలెన్నో తెలిస్తే పెట్టెలెన్నో తెలుస్తుంది. అయితే వాళ్ళు చెప్పింది నమ్మడు. ప్రయాణం కంగారులో జనం ఉయ్యాల్లో పిల్లను వదిలేసి, ఎప్పుడో ఇల్లు మారిన తమ్ముణ్ణి కలిపి చెబుతారు. అందుకని పెన్ను చూపించి కనిపించిన తలలన్నీ తనే లెక్కపెట్టుకుంటాడు. రెండో ప్రశ్న ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాడు. “దిగిన రోజు మొట్టమొదట మీ చేతికి ఏం కావాలి?”

ఆ చెప్పినవన్నీ ఒక చిన్న పెట్టెలోకి వెళతాయి. అది అన్నిటికన్నా చివర ఎక్కి అన్నిటికన్నా ముందు దిగుతుంది కాబట్టి దానికి ‘ముందు పెట్టె’ అని పేరు పెట్టుకున్నాడు. ఒకాయన దిండు అన్నాడు. ఒకావిడ అద్దం అంది. పెద్ద హోదాలో ఉన్న ఒక పెద్దమనిషి అందరినీ గదిలోంచి పంపించేసి, తలుపు గడియ పెట్టి, చెవి ఊడిపోయిన ఎలుగుబంటి బొమ్మ తెచ్చి చేతిలో పెట్టాడు. పెట్టెలాయన నవ్వలేదు. దాని మీద ‘మెల్లగా’ అని రాశాడు.

ఇలా ఊళ్ళోవాళ్ళందరినీ పంపించిన మనిషికి తన వంతు వస్తుందని ఎవరనుకున్నారు?

వచ్చింది, భార్య వల్ల వచ్చింది. ఆవిడది పళ్ళు కట్టే పని. డాక్టరు కాదు. డాక్టర్లు పంపిన అచ్చులను బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటోంది. ఈ ఉద్యోగం వచ్చిన తీరు కూడా నవ్వొచ్చేదే. చుట్టపుచూపుగా వచ్చిన ఒక పరదేశి వయసాయన, వచ్చిన మర్నాడే పై వరస పళ్ళు స్నానాల గదిలో పడేసుకుని రెండు ముక్కలు చేసుకున్నాడు. ఈవిడ రెండు రోజుల్లో కొత్త వరస కట్టి ఇచ్చింది. ఆయన తన ఊరు వెళ్ళాక వాళ్ళ డాక్టరు ఆ పళ్ళను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వాటిని తిరిగి నోట్లో పెట్టడం కూడా మరిచిపోయి ఫోన్ అందుకున్నాడట. నెల తిరగకుండా ఉత్తరం వచ్చింది. ఉద్యోగం, పిల్లలకు బడి, అయిదుగురికీ వీసాలు.

ఉత్తరం వచ్చిన రోజు భోజనాల బల్ల చుట్టూ సభ జరిగింది. పద్నాలుగేళ్ళ పెద్దమ్మాయి ఆ దేశం పటం తెరిచి పెట్టింది. ఆరేళ్ళ చిన్నది ఆ పటం మీద కూర్చుంది. అత్తగారు మనసులో అప్పటికే విమానం ఎక్కేసింది. భార్య మాత్రం ఉత్తరాన్ని మడతపెట్టి చేతిలో పట్టుకుని ఆయన వైపే చూసింది.

“మీకు ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, చింపేస్తాను, నాకేం బాధ లేదు. అక్కడికెళ్ళాక మొహం ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే మాత్రం నేను ఊరుకోను.”

“వెళ్దాం,” అన్నాడాయన.

“అంతేనా?”

“వెళ్దాం అన్నాను కదా.”

ఆవిడకు అది చాలలేదు. పదహారేళ్ళ కాపురంలో పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, కూరగాయలకైనా ఆయన ఒకే గొంతుతో “వెళ్దాం” అనడం విన్నదావిడ. లోపల నిజంగా ఏముందో ఆ గొంతు ఎప్పుడూ బయటపెట్టదు. అందుకే ఉత్తరంతో వచ్చిన ఉద్యోగ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టకుండా దాచింది. సామాను జాబితాతో కలిపి పంపించడానికి ఆరు వారాల గడువుంది. “ఆఖరి సోమవారం దాకా ఆగుతాను,” అంది. “ఈలోగా మీ మనసు మారితే చెప్పండి.”

మనసు మారడమన్నది లేదు గానీ, లోపల భయం మాత్రం ఉంది. అక్కడ భార్యకు ఉద్యోగం ఉంది, పిల్లలకు బడి ఉంది, అత్తగారికి మాట్లాడించడానికి కొత్త మనుషులున్నారు. తనకేముంది? నలభై ఏడేళ్ళవాణ్ణి, ఆ భాషలో మంచినీళ్ళు కూడా అడగలేనివాణ్ణి, వచ్చి పెట్టెలు కట్టమని ఎవరు పిలుస్తారు? ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. పనిలో పడితే గుర్తు రాదు కదా అని పనిలో పడ్డాడు.

పని అంటే ఇక చూడాలి. ఆరు వారాలు ఇల్లంతా ఆయన వేలు చూపినట్టు నడిచింది. పిల్లల బడి సర్టిఫికెట్ల మీద ముద్రలు ముందు, విమానం టిక్కెట్లు తర్వాత. టీకాల పుస్తకాలు, పాస్‌పోర్టులు, అత్తగారి బీపీ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి, పొరపాటున కూడా పెట్టెల్లోకి వెళ్ళకూడదు. చలికోట్లు ఇక్కడ కొనొద్దు, ఇక్కడి చలికోటు అక్కడి చలికి దోమతెరతో సమానం. అక్కడి ప్లగ్గులు వేరు, కాబట్టి ఇస్త్రీ పెట్టె పక్కింటికి. ఫ్రిజ్జును తలుపు తెరిచి రెండు రోజులు ఆరబెట్టాకే ఇంకొకరికి ఇవ్వాలి, లేకపోతే వాళ్ళు మనల్ని తలుచుకునే తీరు వేరుగా ఉంటుంది. “ఇన్నేళ్ళలో మీరు ఇంత మాట్లాడటం నేను వినలేదు,” అంది భార్య, నవ్వుతూనే, కాస్త అనుమానంగానే.

ఉద్యోగం ఇస్తున్న అక్కడి ల్యాబువాళ్ళు ఒక్క చెక్క డబ్బా వరకే ఖర్చు భరిస్తామన్నారు. మనిషెత్తు ఎత్తు, డబుల్ కాట్ అంత వెడల్పు. సంసారం మొత్తం అందులోనే పట్టాలి. దాంతో రోజూ సాయంత్రం పంచాయితీలే. వాకిలంతా పరిచి, ఏది వస్తుంది, ఏది ఉంటుందని ఒక్కో వస్తువునూ నిలబెట్టి తీర్పు చెప్పడం. పెద్దదాని పుస్తకాలకు రెండు పెట్టెలు దొరికాయి. భార్య పనిముట్లకు ఒకటి, అదీ మెత్తటి గుడ్డ పరిచి.

బూట్ల అడుగున మట్టి ఉంటే అక్కడి అధికారులు మొత్తం డబ్బా ఆపేస్తారని ఆయన ఒక్కసారి అన్నాడో లేదో, ఆ పని అత్తగారు భుజాన వేసుకుంది. డెబ్భై ఒకటో ఏట ఆవిడ కాళ్ళకు చక్రాలొచ్చాయి. ఇంట్లో ఉన్న చెప్పులు, బూట్లు వరసగా పెట్టుకుని ఒక్కో గాడిలోంచీ మట్టి తీసి మెరిపించింది. ఏ బ్రష్షుతో తోమిందని ఎవరూ అడగలేదు, ఏం వినాల్సి వస్తుందోనని. తోముతున్నంతసేపూ ఫోన్ పక్కన పెట్టుకుని ఆ దేశం భాష నేర్చుకునేది. మూడు వారాల్లో ఒక్క వాక్యం తప్పు లేకుండా వచ్చింది: ‘నాకు తెలియదు, మా అమ్మాయిని అడగండి’. ఫోన్‌లోని గొంతు రైల్వే స్టేషన్ ఎక్కడ అన్నా, మీ వయసెంత అన్నా ఆవిడ అదే జవాబు గట్టిగా చెప్పేది. “ఇంతకు మించి నాకు అక్కర్లేదు అల్లుడుగారూ, దీంతో దేశమంతా తిరిగొస్తాను,” అనేది.

చిన్నదానితోనే చిక్కు. దానికి రాళ్ళంటే ప్రాణం. ఆడుకునే చోటల్లా ఏరి, కడిగి, డబ్బాలో దాచుకుంది. వాటిలో కొన్నిటికి పేర్లు కూడా ఉన్నాయి.

“రాళ్ళు అక్కడ కూడా ఉంటాయి,” అన్నాడు పెట్టెలాయన.

“అవి వేరే రాళ్ళు,” అంది చిన్నది.

ఆయన డబ్బాలోకి తొంగి చూశాడు. “అయిదు,” అన్నాడు. “యాభై,” అంది అది. బేరం అయిదు దగ్గరే తెగింది. కాసేపు ఏడ్చి, తర్వాత ఉన్నట్టుండి ఏడుపు ఆపేసింది. అలా ఆపినప్పుడే పెద్దవాళ్ళు అనుమానించి ఉండాల్సింది.

అంతా లెక్క ప్రకారమే సాగింది, ఒక్కటి తప్ప. ముప్ఫై ఒక్క పెట్టెలు తేలాయి. చెక్క డబ్బా కొలతలతో కాగితం మీద బొమ్మ గీసి పేర్చి చూస్తే, ఒక మూల ఒక పెట్టె పట్టేంత చోటు ఖాళీగా మిగిలింది. ఇరవై నాలుగేళ్ళలో ఆయన గీత ఇలా తప్పలేదు. మళ్ళీ గీశాడు. మళ్ళీ అదే ఖాళీ. సరేలే, పాత కాగితాలు కుక్కుదామని ఊరుకున్నాడు గానీ, పంట్లో ఇరుక్కున్న పీచులా ఆ ఖాళీ ఆయన్ని సలుపుతూనే ఉంది.

ఆఖరి సోమవారానికి ముందు వచ్చిన శనివారం కంపెనీలో ఆయనకు చివరి రోజు. తోటివాళ్ళతో చేతులు కలిపి, సాయంత్రం అయిదింటికి ఇంటికొచ్చేసరికి ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ఆ ఇల్లు చప్పుడు లేకుండా ఉండటమంటే ఎవరికో ఏదో అయినట్టే. బల్ల మీద ఒప్పంద పత్రం, పక్కన జాబితా, వాటి మీద మూత తీయని పెన్ను. బల్లకు ఆ చివర భార్య, ఈ చివర అత్తగారు. పెద్దది కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. చిన్నది సోఫా వెనక నుంచి తొంగి చూస్తోంది.

“ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?” అన్నాడు.

“అందరూ బాగానే ఉన్నారు,” అంది భార్య. “మీరు మాతో వస్తున్నారా, లేదా?”

“ఎక్కడికి?”

పాపం, నిజంగానే అర్థంకాక అడిగాడు. అత్తగారు నుదురు కొట్టుకుంది.

పెద్దది గొంతు సవరించుకుంది. “నాన్నా, నువ్వు రాసిన జాబితా అంతా ఎక్కించేశాను. ఏ వస్తువు ఎవరిదో విడదీస్తే అమ్మమ్మవి నలభై ఒకటి వచ్చాయి. అమ్మవి ముప్ఫై ఎనిమిది, నావి అరవై, చెల్లివి తొంభై మూడు. నీవి...” ఆగింది. “నీవి లేవు.”

“లేకపోవడమేంటి?”

“ఒక్కటి కూడా లేదు. నేనే తప్పు కొట్టానేమోనని మూడుసార్లు చూశాను. దుప్పట్లు నాలుగు. పళ్ళేలు నాలుగు. తువ్వాళ్ళు నాలుగు. నీ బీరువా అర తెరిచి చూస్తే నీ చొక్కాలు, నీ స్వెట్టరు, నీ గ్లాసు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.”

“మమ్మల్ని పంపించేసి ఇక్కడే ఉండిపోదామనుకున్నారు,” అంది భార్య. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు ఇంత కష్టంగా ఉండేది కాదు. “నాతో చెప్పడానికి మొహం చాల్లేదు. అందుకని చేత్తో చెప్పారు.”

ఆయన జాబితా చేతిలోకి తీసుకున్నాడు. తన చేతిరాతే. మొదటి కాగితం పైన, ఎప్పుడూ రాసేచోటే, ‘ఇంట్లో: నలుగురు’ అని ఉంది. దాన్ని చూసి తెల్లమొహం వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు తన ఇంటి గుమ్మంలోనే అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు, ఎవరింటికో వెళ్ళినట్టు. పిల్లలు కిలకిలా నవ్వుతుంటే పెన్ను చూపించి తలలు లెక్కపెట్టాడు. అత్తగారు, భార్య, పెద్దది, చిన్నది. నాలుగు. రాసుకుని పనిలోకి దిగిపోయాడు. పెట్టెలు కట్టడానికి వచ్చినవాడు ఏ ఇంటి లెక్కలోకీ రాడు కదా. ఆ మిగిలిన ఖాళీ ఎవరిదో కూడా అప్పుడే తెలిసింది.

“నన్ను నేను లెక్కపెట్టుకోలేదు,” అన్నాడు నెమ్మదిగా.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది అత్తగారికి. ఆవిడకు నవ్వు ఎక్కడ మొదలైందో గానీ, కూతురు అంత గట్టిగా కట్టిన పళ్ళు కూడా కదిలిపోయి, చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. “అయ్యో అల్లుడుగారూ, ఊళ్ళోవాళ్ళ గరిటెలన్నీ గుర్తుంటాయి, మీరు మీకు గుర్తులేరా?” పెద్దదీ నవ్వేసింది. చిన్నది సంగతి తెలియకపోయినా అందరికన్నా గట్టిగా నవ్వింది.

భార్య నవ్వలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూ, “అలవాటు వల్లే మరిచిపోయారా? లోపల ఇంకేమీ లేదా?” అంది.

ఆయన నీళ్ళు నమిలాడు. పెన్ను ఇంకా మూతతోనే ఉంది. ఆ మూత తీయించేదీ, తీయకుండా ఆపేదీ ఇప్పుడు తను చెప్పబోయే మాటేనని ఆయనకు తెలుసు.

“ఇలా కాదు,” అని భార్య లేచి కుర్చీ ఒకటి లాగి గది మధ్యలో వేసింది. “కూర్చోండి. ఇవాళ మీరు పెట్టెలు కట్టేవారు కాదు. ఇంట్లోవాళ్ళు.”

చిన్నదానికి అసలు విషయం ఇట్టే అందింది. అట్టముక్క లాక్కుని, పరిగెత్తుకెళ్ళి గుమ్మంలో నిలబడి, నాన్న గొంతు తెచ్చిపెట్టుకుని, “ఇంట్లో ఎంతమంది?” అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా పెన్నుకు బదులు వేలు చూపిస్తూ తనే లెక్కపెట్టింది. కుర్చీ దగ్గర వేలు కాస్త ఎక్కువసేపు ఆపి, “అయిదు,” అంది.

రెండో ప్రశ్న భార్య అడిగింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని అడిగింది. “దిగిన రోజు మొట్టమొదట మీ చేతికి ఏం కావాలి?”

ఎన్ని వేల నోళ్ళ నుంచో జవాబు రాబట్టిన ప్రశ్న అది. తన దాకా వచ్చేసరికి ఏం చెప్పాలో తోచలేదు. దిండా? అద్దమా? ఆఖరికి మొదలుపెట్టాడు, ఒక్కో మాటే బరువెత్తుతున్నట్టు.

“నాకు భయంగా ఉంది. అక్కడ నేనేం చెయ్యాలో నాకు తెలీదు. నువ్వు పనికి వెళ్తావు, పిల్లలు బడికి వెళ్తారు, నేను కిటికీ దగ్గర కూర్చుంటానేమో. నువ్వు చెయ్యొద్దన్న పనే చేస్తానేమో. అందుకే చెప్పలేదు.” ఆగాడు. “కానీ రావాలని కూడా ఉంది. చాలా ఉంది. ఎందుకో చెప్తే నవ్వుతారు.”

“నవ్వం,” అంది అత్తగారు, పళ్ళు పట్టుకునే.

“ఇరవై నాలుగేళ్ళుగా మూతలు వేస్తున్నాను. నేను కట్టిన పెట్టె ఒక్కటి కూడా విప్పుతుంటే చూళ్ళేదు. పళ్ళేలు నిలబెడతాను, కప్పులు చుడతాను, అవి అటు చేరాక ఎలా ఉన్నాయో తెలీదు. ఫిర్యాదు రాకపోతే బాగున్నట్టే అనుకోవడం. మొదటిసారి నా పెట్టెలతో పాటు నేనూ వెళ్తున్నాను.” తల ఎత్తాడు. “నాకు కత్తి కావాలి. టేపు కోసే కత్తి. పెట్టెలన్నీ నేనే విప్పుతాను.”

భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అలాగే నవ్వింది. “ఈ ముక్క ఆరు వారాల కిందట చెప్తే మీ సొమ్మేం పోయేది? భయంగా ఉందని ఒక్క మాట అంటే, నాకూ ఉందని నేనూ చెప్పేదాన్ని కదా.”

“నీకూ ఉందా?”

“ఉండదా మరి? వాళ్ళ దవడలు ఎలా ఉంటాయో ఏమో.”

ఆవిడ లేచి పెన్ను మూత తీసి, నిలబడే సంతకం పెట్టేసింది. అంతలో పెద్దదానికి ఒక సందేహం వచ్చింది. “నాన్నా, కత్తి ముందు పెట్టెలో పెడితే, ఆ పెట్టెను దేంతో విప్పుతావు?” ఇంతటి పనివాడూ ఆ ముక్క ఆలోచించలేదు. కత్తి విమానంలో కింద వేసే సూట్‌కేసులోకి వెళ్ళింది.

ఆ సాయంత్రమే ముప్ఫై రెండో పెట్టె కట్టారు. ఆయన్ని కుర్చీలోంచి కదలనివ్వలేదు. చొక్కాలు ఎలా పడితే అలా ఉండచుట్టి వేశారు. ఆయన కాఫీ తాగే గాజు గ్లాసును భార్య తన ఉన్ని శాలువాలో చుట్టి, అదీ పడుకోబెట్టి, దాని మీద బూట్లు పెట్టింది. “బూట్లు కిందకి,” అన్నాడు. “మీరు ఇంట్లోవాళ్ళు, మాట్లాడకండి,” అంది అత్తగారు. చిన్నది పెట్టెలోకి సగం దూరి ఏదో సర్దింది. టేపు నాలుగు చోట్ల ముడతలు పడింది. ఆఖరికి పెద్దది పెట్టెను ఎత్తి ఆయన చెవి దగ్గర ఊపింది, ఏడిపించడానికే. అది మాట్లాడింది. మామూలుగా కాదు, గలగలా ఉపన్యాసమే ఇచ్చింది.

“విప్పి మళ్ళీ కడతాను, పది నిమిషాలు,” అని బతిమాలాడు. నలుగురూ ఒక్క గొంతుతో వద్దన్నారు. మర్నాడు పొద్దున్నే పాలకు వెళ్ళొచ్చాడు. దారిలో అందరూ తనని చూసి ఎందుకు నవ్వారో ఇంటికొచ్చి చొక్కా విప్పాక గానీ తెలియలేదు. వీపు మీద ‘గాజు. ఈ వైపు పైకి’ అని కాగితం అంటించి ఉంది.

కొత్త ఇంట్లో దిగిన పది వారాలకు చెక్క డబ్బా చేరింది. అప్పటిదాకా అయిదుగురూ అరువు తెచ్చుకున్న పరుపుల మీద పడుకుని, కాగితం పళ్ళేల్లో తిని, ఖాళీ గదుల్లో తమ గొంతులు తిరిగి వినపడుతుంటే నవ్వుకుంటూ గడిపారు. ఆ పది వారాల్లో ఆయన ముప్ఫై ఒక్క పెట్టెల గురించి ఒక్కసారి కూడా బెంగపడలేదు. ముప్ఫై రెండోదాన్ని తలుచుకుంటే మాత్రం అన్నం మధ్యలో చెయ్యి ఆగిపోయేది.

డబ్బా వచ్చిన రోజు పొద్దున తొమ్మిదింటికి ముగ్గురు మనుషులు వచ్చి పెట్టెలు పైకి చేరవేశారు. పెట్టెలాయన గుమ్మం పక్కన నిలబడి వాళ్ళు అడుగు ఎలా వేస్తున్నారో, మెట్ల మలుపులో పెట్టెను ఎలా తిప్పుతున్నారో చూశాడు. బాగా తిప్పుతున్నారు. వాళ్ళలో పెద్దవాడు, ఎర్ర గడ్డంవాడు, అయిదో పెట్టె దించుతూ టేపు మూల మడతను బొటనవేలితో తడిమి చూశాడు. తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. పెట్టెలాయన గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకేశాడు. ఇక్కడ కూడా ఊపుతారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎర్ర గడ్డంవాడు తన మనుషులతో ఏదో అని తల పంకించాడు. అత్తగారి వైపు తిరిగి ఏదో అడిగాడు కూడా. ఆవిడ ఎప్పటినుంచో ఈ క్షణం కోసమే కాచుకుని ఉంది. “నాకు తెలియదు, మా అమ్మాయిని అడగండి,” అని వాళ్ళ భాషలో గట్టిగా చెప్పింది.

అమ్మాయిని అడిగాడు. “ఇవి కట్టిందెవరని అడుగుతున్నాడు,” అంది భార్య. చెప్పడానికి మాటలు వెతుక్కోకుండా మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

విప్పడం కూడా తమ పనేనని వాళ్ళు సైగ చేశారు. ఆయన తల అడ్డంగా ఊపి, జేబులోంచి కత్తి తీసి చూపించాడు. ముగ్గురూ నవ్వి గోడకు ఆనుకుని నిలబడ్డారు, ఒక పనివాడి పని చూడటానికి.

ఆయన ముందు ముప్ఫై రెండోదే తీసుకున్నాడు. ముడతల టేపు కోశాడు. బూట్లు, ఉండచుట్టిన చొక్కాలు, వాటి అడుగున శాలువా. మెల్లగా విప్పాడు. గ్లాసుకు గీత కూడా పడలేదు. కిటికీ వెలుగులో పైకెత్తి చుట్టూ తిప్పి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. మరి ఇంత గోల చేసిందేమిటని పెట్టెలో చెయ్యి పెట్టాడు. రాళ్ళు. నలభై అయిదు రాళ్ళు, బూట్లలో, సాక్సుల్లో, స్వెట్టరు చేతుల్లో.

“నీకు ఏం తోచకపోతే ఆడుకోడానికి,” అంది చిన్నది. “ఇవి నీవి. నావి అయిదే.”

అప్పుడు పెట్టెలాయన ఏడ్చాడు, అంతమందిలో, ఏ మొహమాటమూ లేకుండా. ఏడుస్తూనే నవ్వాడు. నవ్వుతూనే ఒకటో నంబరు పెట్టె ముందుకు లాక్కున్నాడు. పళ్ళేలు నాలుగు, నిలబడే వచ్చాయి. ఇరవై నాలుగేళ్ళకు మొదటిసారి తన పని తను చూసుకున్నాడు. ఒక్కో పళ్ళెం తీసి వేలితో కొట్టి, ఆ మోత విని, పక్కన పెట్టాడు.

వెళ్ళేముందు ఎర్ర గడ్డంవాడు నింపాల్సిన కాగితం తీసి, గుమ్మంలో నిలబడి, అట్ట మీద పెట్టుకుని ఏదో అడిగాడు. భార్య అర్థం చెప్పబోయింది. అక్కర్లేకపోయింది. ఆ నిలబడిన తీరు, పెన్ను గాల్లో ఆపి పట్టుకున్న తీరు పెట్టెలాయనకు తెలియనివి కావు. ఆయన కత్తిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. కుడి చెయ్యి పైకెత్తి, అయిదు వేళ్ళూ విప్పి చూపించాడు. అతను అది రాసుకుని, సామాను అందిన రసీదు చింపి ఆయన చేతికే ఇచ్చాడు.